ప్రజా రేడియో పాడ్‌కాస్టులు: ఎంచుకోవడం, వినడం, దాచుకోవడం

పాడ్‌కాస్టులు, అంటే కావలసినప్పుడు ఫోనులో తెచ్చుకుని వినే ఆడియో కార్యక్రమాలు, వినే అలవాటు చేసుకుందామని యాప్ తెరిచినవారికి మొదటి నిమిషంలోనే లెక్కకు మించిన కార్యక్రమాలు ఎదురవుతాయి. ఏది వినదగినదో తేల్చుకోలేక కనబడిన పదింటిని చేర్చుకుని, నెల తిరిగేసరికి వినని ఎపిసోడ్లు గుట్టగా పేరుకుపోతే విసిగి యాప్‌నే తీసేసినవారు చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం ఆ రద్దీలో ఒక్క తెగకే పరిమితమవుతుంది. బ్రిటన్‌లోని బీబీసీ, అమెరికాలోని ఎన్‌పీఆర్, కెనడాలోని సీబీసీ, ఆస్ట్రేలియాలోని ఏబీసీ వంటి ప్రజా ప్రసార సంస్థలు వార్తలు, సంస్కృతి, క్రీడలు, ఆలోచనలు అనే నాలుగు రంగాలలో ఉచితంగా అందిస్తున్న పాడ్‌కాస్టులను ఎలా ఎంచుకోవాలో, ఫోనులో ఎలా అమర్చుకోవాలో, ఏది విని వదిలేయాలో, ఏది దాచుకోవాలో ఇందులో వివరిస్తాను. అందులో బీబీసీకి ఎక్కువ చోటు దక్కడానికి కారణం దాని పాత నిల్వ అంత పెద్దది కావడమే.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. వార్తల పాడ్‌కాస్టు రోజుకు ఒకటి చాలు. ఈ సంస్థల అసలు సంపద దశాబ్దాలుగా పోగుపడిన పాత ఎపిసోడ్లలో ఉంది కాబట్టి, శ్రోత తన సమయంలో సింహభాగం దానికే ఇవ్వాలి. కింది సూచనలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ముందుగా, డబ్బు ఎవరిదో తెలుసుకోండి

ఇది వినడానికి సంబంధం లేని విషయంలా తోచవచ్చు గానీ, మీ చెవిన పడే ప్రకటనలు మొదలుకొని ఎపిసోడ్ ఎన్నాళ్లు అందుబాటులో ఉంటుందనే దాకా అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. బీబీసీకి ప్రధాన ఆదాయం బ్రిటన్‌లోని ఇళ్లు కట్టే లైసెన్సు రుసుము. ప్రపంచ శ్రోతల కోసం నడిచే వరల్డ్ సర్వీసుకు దానితోపాటు అక్కడి విదేశాంగ శాఖ నుంచి కూడా నిధులు వస్తాయి. ఆస్ట్రేలియా ఏబీసీకి, కెనడా సీబీసీకి ప్రధాన ఆధారం ప్రభుత్వ నిధులే. ఎన్‌పీఆర్ తీరు వేరు. అది దేశమంతటా ఉన్న స్థానిక రేడియో కేంద్రాల సమాఖ్య లాంటిది. ఆ కేంద్రాలు చెల్లించే రుసుములు, దాతల విరాళాలు, కంపెనీల ప్రాయోజకత్వం దానికి ఆధారం. 1967 నాటి చట్టం ద్వారా ఏర్పడిన ఒక కార్పొరేషన్ అక్కడి ప్రజా రేడియో, టెలివిజన్ కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వ నిధులు పంచుతూ వచ్చేది. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ దానికి కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను రద్దు చేయడంతో ఆ కార్పొరేషన్ మూతపడే దారి పట్టింది, చిన్న ఊళ్లలోని కేంద్రాలు చిక్కుల్లో పడ్డాయి.

దీని ఫలితం శ్రోతకు ఇలా అందుతుంది. బ్రిటన్‌లో వినేవారికి బీబీసీ తన సొంత యాప్‌లో ప్రకటనలు వినిపించదు, కానీ అదే ఎపిసోడ్‌ను హైదరాబాదులోనో డాలస్‌లోనో వింటే మొదట్లో, మధ్యలో ప్రకటనలు వస్తాయి. ఇవి ఎపిసోడ్‌తోపాటు రికార్డు చేసినవి కావు. మీరు డౌన్‌లోడ్ చేసిన దేశాన్నీ తేదీనీ బట్టి అప్పటికప్పుడు అతికించేవి. అందుకే ఒకే ఎపిసోడ్ నిడివి ఇద్దరి ఫోన్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది. మిత్రుడు "పన్నెండో నిమిషం దగ్గర విను" అని చెప్పిన మాట మీ ఫోనులో పద్నాలుగో నిమిషంలో దొరకడం కూడా ఇందువల్లే.

యాప్, దాని అమరిక

పాడ్‌కాస్టు అనేది సాంకేతికంగా చాలా సాదా ఏర్పాటు. ప్రసార సంస్థ తన ఎపిసోడ్ల జాబితాను ఆర్‌ఎస్ఎస్ ఫీడ్ అనే ఒక ఫైలులో ఉంచుతుంది. మీ యాప్ గంటకో పూటకో ఆ ఫైలును చూసి, కొత్తది కనిపిస్తే తెచ్చి పెడుతుంది. ఈ ఫీడ్ ఏ ఒక్క యాప్ సొత్తూ కాదు, ఏ పాడ్‌కాస్టు యాప్ అయినా దాన్ని చదవగలదు. ఈ సంగతి ఎందుకు గుర్తుంచుకోవాలంటే, యాప్‌లు వస్తూ పోతూ ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు వాడేవారిలో చాలామందికి అలవాటైన గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది. బీబీసీ సౌండ్స్ యాప్‌ను 2025లో బ్రిటన్ వెలుపలి శ్రోతలకు నిలిపివేశారు. రెండు సందర్భాల్లోనూ కార్యక్రమాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కాబట్టి ఏ సంస్థ సొంత యాప్‌నూ నమ్ముకోకుండా, ఫీడ్లను నేరుగా చదివే సాధారణ పాడ్‌కాస్టు యాప్ ఒకటి పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో యాంటెనాపాడ్ పూర్తిగా ఉచితం, ఖాతా తెరవనక్కరలేదు, దాని సొంత ప్రకటనలు ఉండవు. ఐఫోనులో ముందే ఉండే యాపిల్ పాడ్‌కాస్ట్స్ సరిపోతుంది. రెండు రకాల ఫోన్లలోనూ పనిచేసేది కావాలంటే పాకెట్ కాస్ట్స్ ఉంది. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ కూడా పాడ్‌కాస్టులు వినిపిస్తాయి గానీ, పాటల సిఫారసుల మధ్య మనం వెతికేది మరుగున పడుతుంది.

కార్యక్రమం పేరును ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి వెతికినప్పుడు ఒకే పేరుతో రెండు మూడు ఫలితాలు వస్తాయి. పేరు కింద సన్నని అక్షరాలలో ప్రచురణకర్త ఎవరో ఉంటుంది. అక్కడ బీబీసీ రేడియో 4 (బ్రిటన్ శ్రోతల కోసం బీబీసీ నడిపే ఛానెల్) అనో, బీబీసీ వరల్డ్ సర్వీస్ అనో, ఎన్‌పీఆర్ అనో ఉన్నదానినే చేర్చుకోండి. మిగిలినవి చాలాసార్లు ఎవరో కాపీ చేసి పెట్టినవి, అర్ధాంతరంగా ఆగిపోతాయి.

చేర్చుకున్న వెంటనే చేయవలసిన పని అమరికలు సరిచేసుకోవడం. చాలా యాప్‌లలో ఒక్కో కార్యక్రమానికి విడివిడిగా అమరికలు పెట్టుకోవచ్చు, ఈ సౌకర్యాన్ని ఎక్కువమంది వాడుకోరు. వార్తల కార్యక్రమానికి: దానంతట అదే డౌన్‌లోడ్ కావాలి, తాజా ఎపిసోడ్ ఒక్కటే ఉండాలి, విన్న వెంటనే చెరిగిపోవాలి. ఆలోచనల కార్యక్రమానికి: స్వయంచాలక డౌన్‌లోడ్ ఆపేయాలి, జాబితా చూసి మీరే ఎంచుకోవాలి, విన్న తర్వాత కూడా మీరు చెరిపేదాకా ఉండాలి. వేగం విషయంలోనూ ఇదే తేడా పాటించవచ్చు. అలవాటైన గొంతు చదివే వార్తలను 1.2 రెట్ల వేగంతో వింటే నష్టమేమీ లేదు; తత్త్వశాస్త్రం మీద ఉపన్యాసాన్ని అలా పరుగెత్తించడంలో అర్థం లేదు. నిద్రవేళ వినేవారు ఎపిసోడ్ చివర తనంతట తానే ఆగిపోయేలా స్లీప్ టైమర్ పెట్టుకోకపోతే, తెల్లారేసరికి నాలుగు ఎపిసోడ్లు వినకుండానే విన్నట్టు నమోదవుతాయి.

డేటా గురించి కొందరు అనవసరంగా భయపడతారు. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున ఉండే 45 నిమిషాల ఆడియో ఫైలు సుమారు 43 ఎంబీ అవుతుంది. 64 కిలోబిట్ల చొప్పున అయితే అందులో సగం. రోజుకు గంటసేపు విన్నా వీడియోలకు ఖర్చయ్యే డేటాతో పోలిస్తే ఇది తక్కువే. అయినా డౌన్‌లోడ్లను వైఫైకే పరిమితం చేసుకోవడం మేలు. పల్లెవెలుగు బస్సులోనో రైలులోనో సిగ్నల్ పోయినప్పుడు ముందే దించుకున్న ఎపిసోడ్ మాత్రమే పనికొస్తుంది.

వార్తలు: గడియారం చూసి ఎంచుకోవాలి

వార్తల పాడ్‌కాస్టును నాణ్యత చూసి ఎంచుకోవాలని అందరూ అంటారు. ఈ నాలుగు సంస్థల విషయంలో నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా అది మీ ఊళ్లో ఏ వేళకు అందుతుందన్న దానిలో ఉంది. ఆస్ట్రేలియా తూర్పు తీరం గడియారం మన కంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, అక్కడి వేసవిలో అయితే ఐదున్నర. అందువల్ల అక్కడ తెల్లవారుజామున విడుదలయ్యే ఏబీసీ న్యూస్ డైలీ మనం నిద్ర లేచేసరికే ఫోనులో సిద్ధంగా ఉంటుంది. ఒకే ఒక్క అంశాన్ని తీసుకుని పావుగంటలోపు వివరించడం దాని పద్ధతి. ఎన్‌పీఆర్ వారి అప్ ఫస్ట్ అమెరికా తూర్పు తీరపు ఉదయం కోసం తయారవుతుంది కాబట్టి భారతదేశంలో ఉన్నవారికి సాయంత్రం వేళ అందుతుంది. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో సరిగ్గా సరిపోతుంది. అందులో ఆ రోజుకు ముఖ్యమైన మూడు వార్తలే ఉంటాయి. బీబీసీ వరల్డ్ సర్వీసు వారి గ్లోబల్ న్యూస్ పాడ్‌కాస్ట్ పనిదినాలలో రోజుకు రెండుసార్లు వస్తుంది, అరగంటకు అటూ ఇటూగా ఉంటుంది, ఆఫ్రికా నుంచి లాటిన్ అమెరికా దాకా ఇతరులు పట్టించుకోని దేశాలను కూడా తాకుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. వారికి పొద్దున్నే అప్ ఫస్ట్, రాత్రి పడుకోబోయే ముందు ఆస్ట్రేలియా వార్తలు.

వీటిలో ఒకదానినే ఉంచుకోవాలి. రెండు పెట్టుకుంటే రెండో దానిలో చాలావరకు మొదటి దానిలో విన్నవే మళ్లీ వస్తాయి. నిన్నటి వార్తల ఎపిసోడ్ ఈ రోజు వినకపోతే దాన్ని ఎల్లుండి వినవలసిన పని లేదు, మొహమాటం లేకుండా చెరిపేయండి.

ప్రజా సంస్థ గనుక పక్షపాతం ఉండదని అనుకోవడం అమాయకత్వం. బీబీసీని స్వదేశంలోనే అన్ని పార్టీలవారూ ఎప్పుడో ఒకప్పుడు తప్పు పట్టారు. మన ఆకాశవాణి 1997 నుంచి స్వయంప్రతిపత్తి గల ప్రసార భారతి కిందికి వచ్చినా నిధుల కోసం ప్రభుత్వం మీద ఆధారపడుతూనే ఉంది. భారతదేశానికి సంబంధించిన పెద్ద వార్త వచ్చిన రోజున ఆకాశవాణి బులెటిన్‌నూ, వరల్డ్ సర్వీసు ఎపిసోడ్‌నూ వెంట వెంట విని చూడండి. ఏ వాస్తవాన్ని ఎవరు మొదట చెప్పారు, ఎవరి గొంతును నేరుగా వినిపించారు, ఎవరి మాటను కేవలం ఉటంకించి వదిలేశారు అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే వార్త తయారయ్యే తీరు దానంతట అదే బయటపడుతుంది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలకు సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలను మాత్రమే యథాతథంగా వినిపించవచ్చు. చెవితో పోల్చి చూసుకునే అవకాశం పాడ్‌కాస్టులు వచ్చాకే మనవారికి సులువైంది.

ఆలోచనలు: ఇక్కడ ఆగండి

వార్తలను ప్రైవేటు సంస్థలూ ఇస్తాయి. ఒక విషయాన్ని మార్కెట్ లెక్కలు చూసుకోకుండా ముక్కాలు గంటసేపు ఓపికగా చర్చించే పని మాత్రం ప్రజా రేడియో చేసినంతగా మరెవరూ చేయడం లేదు. ఇందుకు మొదటి ఉదాహరణగా బీబీసీ రేడియో 4 వారి ఇన్ అవర్ టైమ్‌ను చెప్పుకోవాలి. 1998 అక్టోబరులో మొదలైన ఈ కార్యక్రమాన్ని 2025 దాకా మెల్విన్ బ్రాగ్ నడిపారు. ఎపిసోడ్లు వెయ్యి దాటాయి. పద్ధతి ఎప్పుడూ ఒక్కటే: ఒక అంశం, దానిమీద జీవితకాలం పనిచేసిన ముగ్గురు ఆచార్యులు, ఒక ప్రయోక్త. నేపథ్య సంగీతం ఉండదు, నాటకీయ శబ్దాలు ఉండవు. భగవద్గీత, ఉపనిషత్తులు, భారతీయ గణితం, అశోకుడు, ఠాగూర్ మీద ఎపిసోడ్లు ఉన్నాయి. వాటి పక్కనే కాంతి వేగం, నల్లమందు యుద్ధాలు ఉంటాయి.

కొత్త శ్రోతలు దీన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున వినబోయి సగంలో దారి తప్పుతారు. ఇలా చేసి చూడండి. మీకు కొంత తెలిసిన అంశాన్నే మొదట ఎంచుకోండి. కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాల గురించి ఎప్పుడైనా చదివినవారికి అశోకుడి ఎపిసోడ్ మంచి ప్రవేశద్వారం. వినే ముందు ఎపిసోడ్ వివరణ చదివి, ముగ్గురు అతిథుల పేర్లూ వారి విశ్వవిద్యాలయాలూ ఒకసారి చూసుకోండి, ఎందుకంటే మొదటి ఐదు నిమిషాలలో ఏ గొంతు ఎవరిదో గుర్తుపట్టడమే పెద్ద పని. ప్రయోక్త ముందుగా ఒక్క పేరా పరిచయం చదువుతారు, తర్వాత మొదటి అతిథిని నేపథ్యం చెప్పమంటారు. ఈ మొదటి పది నిమిషాలు అర్థమైతే మిగతాదంతా సాఫీగా సాగుతుంది, అర్థం కాకపోతే అక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టడం మేలు. రేడియోలో ప్రసారమయ్యే భాగం ముగిశాక పాడ్‌కాస్టులో కొన్ని అదనపు నిమిషాలు ఉంటాయి. ప్రసారంలో చెప్పడానికి వీలుకాని విషయాలేమిటని ప్రయోక్త అడుగుతారు, ఆచార్యులు అప్పుడు బిగువు సడలి మాట్లాడుకుంటారు, చివరికి నిర్మాత వచ్చి టీ కావాలా కాఫీ కావాలా అని అడగడంతో ఎపిసోడ్ ముగుస్తుంది. పండితుల మధ్య అసలు భేదాభిప్రాయాలు చాలాసార్లు ఈ కొసరు భాగంలోనే బయటపడతాయి కాబట్టి దాన్ని వదిలేయకండి.

ఉపన్యాసాలు వినే ఓపిక ఉన్నవారికి రీత్ ఉపన్యాసాలు ఉన్నాయి. బీబీసీ మొదటి డైరెక్టర్ జనరల్ జాన్ రీత్ పేరిట 1948లో బెర్ట్రండ్ రస్సెల్‌తో మొదలైన ఈ వార్షిక పరంపరలో, 2003లో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ మెదడు గురించి మాట్లాడారు. 2014లో శస్త్రవైద్యుడు అతుల్ గవాండే వైద్యం భవిష్యత్తు గురించి ఇచ్చిన నాలుగు ఉపన్యాసాలలో చివరిది ఢిల్లీలో జరిగింది. నా సలహా గవాండేతో మొదలుపెట్టమని. భాష తేలిక, ఉదాహరణలన్నీ ఆసుపత్రి గదులలోంచి వచ్చినవి, ప్రతి ఉపన్యాసం చివరా సభికుల ప్రశ్నలు ఉంటాయి. రీత్ ఉపన్యాసాల పాఠాలు కూడా బీబీసీ వెబ్‌సైటులో లభిస్తాయి గనుక, వినడంలో జారిపోయిన వాక్యాన్ని చదివి పట్టుకోవచ్చు. కెనడాలో ఇలాంటివే మాసీ ఉపన్యాసాలు, 1961 నుంచి జరుగుతున్నాయి. 1967లో వాటిని ఇచ్చినవారు మార్టిన్ లూథర్ కింగ్. వాటిని ప్రసారం చేసే సీబీసీ కార్యక్రమం పేరే ఐడియాస్. 1965లో పుట్టిన ఆ కార్యక్రమం దాదాపు గంటసేపు సాగుతుంది కాబట్టి రోజువారీగా వినడం కుదరదు, శీర్షికలు చూసి వారానికి ఒకటి ఏరుకోవడం మంచిది.

తీరిక తక్కువైనవారి కోసం పావుగంట ధారావాహికలు ఉన్నాయి. సునీల్ ఖిల్నానీ బీబీసీ రేడియో 4 కోసం చేసిన ఇన్‌కార్నేషన్స్ యాభై మంది జీవితాల ద్వారా భారతదేశ చరిత్రను చెబుతుంది. బుద్ధుడితో మొదలై ధీరూభాయ్ అంబానీతో ముగిసే ఆ వరుసలో శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్ ఉన్నారు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ఉన్నారు. మనకు తెలిసినవారి గురించి బయటి శ్రోతలకు ఎలా చెబుతారో వినడం ఒక ప్రత్యేకమైన అనుభవం. కొన్నిచోట్ల ఒప్పుకోలేం, పోట్లాడాలనిపిస్తుంది, అది మంచిదే. 2010లో బ్రిటిష్ మ్యూజియం సంచాలకుడు నీల్ మెక్‌గ్రెగర్ వంద వస్తువులతో ప్రపంచ చరిత్ర చెప్పిన ధారావాహిక కూడా ఇదే నిడివిలో ఉంటుంది. సింధు నాగరికత ముద్ర, అశోక స్తంభపు ముక్క, కుమారగుప్తుడి బంగారు నాణెం అందులో ఉన్నాయి.

అంకెలంటే ఆసక్తి ఉన్నవారు బీబీసీ వారి మోర్ ఆర్ లెస్‌ను చేర్చుకోవాలి. టిమ్ హార్‌ఫోర్డ్ నడిపే ఈ కార్యక్రమం పత్రికలలోనూ నాయకుల ప్రసంగాలలోనూ కనిపించే గణాంకాలను పట్టుకుని అవి ఎక్కడి నుంచి వచ్చాయో తవ్వుతుంది. కొన్ని వారాలు వింటే మన టీవీ చర్చల్లో వినిపించే శాతాల మీద నమ్మకం పోతుంది, అందుకు సిద్ధపడి వినండి. ఒకే ప్రశ్నకు నలుగురు నిపుణులతో వరుసగా జవాబు చెప్పించే ది ఎంక్వైరీ, ఆర్థిక విషయాలను కథలుగా చెప్పే ఎన్‌పీఆర్ వారి ప్లానెట్ మనీ కూడా ఇదే కోవలోవి.

సంస్కృతి, సంభాషణలు

ఈ రంగంలో ఇష్టాయిష్టాలే ప్రధానం కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలోని ఫిలడెల్ఫియా కేంద్రం నుంచి వచ్చే ఫ్రెష్ ఎయిర్‌లో టెర్రీ గ్రాస్ రచయితలనూ నటులనూ ప్రశ్నించే పద్ధతిని ఇంటర్వ్యూలు చేసే మన పాత్రికేయులు ప్రత్యేకంగా గమనించాలి. ప్రశ్న పొట్టిగా ఉంటుంది, జవాబు పూర్తయ్యేదాకా ఆమె అడ్డురారు. బీబీసీలో 1942 నుంచి నడుస్తున్న డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్‌లో అతిథి తాను ఒంటరి దీవికి తీసుకువెళ్లే ఎనిమిది పాటలను ఎంచుకుంటూ తన జీవితం చెప్పుకుంటారు. అయితే పాటల హక్కుల కారణంగా పాడ్‌కాస్టు రూపంలో సంగీతాన్ని కత్తిరించి ముక్కలుగానే వినిపిస్తారు, ఆ సంగతి తెలియనివారు ఫైలు పాడైందనుకుంటారు. నిర్మాణ కౌశలం వినాలనుకునేవారు షికాగో కేంద్రం నుంచి 1995లో మొదలైన దిస్ అమెరికన్ లైఫ్ వినాలి. దాని పాఠాలు కూడా అందుబాటులో ఉంటాయి.

క్రీడలు: హక్కుల గొడవ

క్రీడల పాడ్‌కాస్టులలో ప్రత్యక్ష వ్యాఖ్యానం దొరుకుతుందని ఆశపడి వెతికేవారికి నిరాశ తప్పదు. బంతి బంతికీ సాగే వ్యాఖ్యానం ప్రసార హక్కులకు లోబడి ఉంటుంది, ఆ హక్కులు దేశాలవారీగా అమ్ముడవుతాయి. 1957 నుంచి టెస్టు మ్యాచ్‌లను బంతి బంతికీ వినిపిస్తున్న బీబీసీ టెస్ట్ మ్యాచ్ స్పెషల్ ప్రత్యక్ష ప్రసారం భారతదేశంలో అందకపోవడానికి కారణం ఇదే. అదే పేరుతో ఉన్న పాడ్‌కాస్టుకు మాత్రం ఈ ఆంక్ష ఉండదు. ఆట ముగిశాక ఆ రోజు జరిగినదాన్ని మాజీ ఆటగాళ్లు తీరిగ్గా విశ్లేషిస్తారు. మ్యాచ్ రోజు సాయంత్రం వినదగినది అదే, వారం తర్వాత వింటే చప్పగా ఉంటుంది.

మనవారికి ఇంకా దగ్గరగా ఉండేది స్టంప్డ్. వరల్డ్ సర్వీసు తరఫున అలిసన్ మిచెల్, ఏబీసీ తరఫున జిమ్ మాక్స్‌వెల్, భారతదేశం నుంచి చారు శర్మ కలిసి వారానికొకసారి క్రికెట్ గురించి మాట్లాడుకున్న ఈ కార్యక్రమానికి ఆకాశవాణి కూడా భాగస్వామిగా ఉంది. ఒకే సిరీస్‌ను మూడు దేశాలవారు మూడు కళ్లతో చూసి, మర్యాదగా ఎత్తిపొడుచుకోవడం దీనిలోని రుచి. స్కోర్లకు అతీతంగా క్రీడల వెనుక ఉన్న మనుషుల కథలు కావాలంటే వరల్డ్ సర్వీసు వారి అమేజింగ్ స్పోర్ట్ స్టోరీస్ ఉంది, అది పాతబడేది కాదు.

ఇంగ్లీషు యాస అడ్డుపడితే

రేడియో 4 కార్యక్రమాలు బ్రిటన్ శ్రోతల కోసం తయారైనవి. వారి స్థానిక రాజకీయాలు, హాస్యం, స్కాట్లండ్ యాస అన్నీ అందులో ఉంటాయి. వరల్డ్ సర్వీసు కార్యక్రమాలలో మాత్రం వినేవారు ఏ దేశంవారైనా కావచ్చునన్న ఎరుక ఉంటుంది, ప్రతి పేరునూ పరిచయం చేసి గానీ ముందుకు సాగరు. అందువల్ల తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు మొదటి కొన్ని నెలలు వరల్డ్ సర్వీసుతో గడిపి ఆ తర్వాత రేడియో 4కు వెళితే శ్రమ తగ్గుతుంది. పది నిమిషాలలోపు ముగిసే విట్నెస్ హిస్టరీ ఇందుకు చాలా అనువైనది. ఒక చారిత్రక ఘటనను కళ్లారా చూసినవారు తమ మాటల్లో చెబుతారు. ఇంకా తేలికైన మెట్టు కావాలంటే బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వారి సిక్స్ మినిట్ ఇంగ్లీష్ ఉంది, దానికి పూర్తి పాఠం కూడా ఇస్తారు. పాఠం చూస్తూ ఒకసారి, చూడకుండా మరొకసారి వినడం మేలైన పద్ధతి. వేగాన్ని 0.9కి తగ్గించి వినడంలో నామోషీ ఏమీ లేదు.

తెలుగులో ఏమున్నాయి

ఆస్ట్రేలియాలోని మరో ప్రజా ప్రసార సంస్థ ఎస్‌బీఎస్, వలస వచ్చినవారి భాషలలో కార్యక్రమాలు నడుపుతుంది; వాటిలో తెలుగు ఒకటి. ఎస్‌బీఎస్ తెలుగు పాడ్‌కాస్టు మామూలు యాప్‌లలోనే దొరుకుతుంది. వీసాలు, ఇళ్ల అద్దెలు, పిల్లల చదువులు, అక్కడి తెలుగువారి ఇంటర్వ్యూలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఆస్ట్రేలియా వెళ్లబోయేవారికి ఏ ఏజెంటు మాటకన్నా ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆకాశవాణి విషయానికి వస్తే, హైదరాబాదు, విజయవాడ కేంద్రాల ప్రాంతీయ వార్తల ఆడియో ఆకాశవాణి వార్తా విభాగపు వెబ్‌సైటులో వినవచ్చు, ప్రత్యక్ష ప్రసారాలు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వస్తాయి. కేంద్రాలు తమ కార్యక్రమాలలో కొన్నింటిని యూట్యూబులో కూడా ఉంచుతున్నాయి. రీత్ ఉపన్యాసాలు మొదలైన 1948లోనే, డిసెంబరు ఒకటో తేదీన, విజయవాడ కేంద్రం ప్రసారాలు ప్రారంభించింది. అక్కడ తయారైన నాటకాలు, సంగీత రూపకాలు, సాహిత్య ప్రసంగాలు తేదీలతో, రచయితల పేర్లతో ఒక క్రమమైన ఫీడ్‌గా వస్తే పైన చెప్పిన వాటన్నిటి కంటే ముందు వాటినే సిఫారసు చేసేవాడిని.

జాబితాను అదుపులో ఉంచడం, భద్రపరచడం

చేర్చుకున్న కార్యక్రమాలు ఆరేడుకు మించితే నిర్వహణ కష్టం. వార్తలకు ఒకటి, క్రీడలకు ఒకటి, సంభాషణలకు ఒకటి ఉంచుకుని, మిగిలిన చోటును ఆలోచనల కార్యక్రమాలకు వదలండి. వరుసగా నాలుగు ఎపిసోడ్లు వినకుండా దాటవేసిన కార్యక్రమాన్ని తొలగించండి. ఫీడ్ ఎక్కడికీ పోదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ చేర్చుకోవచ్చు. అయితే ప్రతి ఎపిసోడూ కలకాలం ఉంటుందన్న భరోసా లేదు. బీబీసీ కొన్నిటిని నెల రోజులకే తీసేస్తుంది, కొన్నిటిని ముందు బ్రిటన్‌లోని తన యాప్‌లో ఉంచి కొన్ని వారాల తర్వాతే మిగతా యాప్‌లకు విడుదల చేస్తుంది. దశాబ్దాలుగా నడిచిన హార్డ్‌టాక్ వంటి ఇంటర్వ్యూల కార్యక్రమాన్నే 2025లో ఆపేశారు. మళ్లీ వినాలనిపించే ఎపిసోడ్ తగిలితే ఆ ఆడియో ఫైలును ఫోనులోంచి కంప్యూటరులోకి మార్చి, కార్యక్రమం పేరు, తేదీ, అంశంతో ఫైలుకు పేరు పెట్టుకోండి. సొంతంగా వినడానికి దాచుకోవడం వేరు, దాన్ని ఇంకొక చోట ప్రచురించడం వేరు, రెండోది చేయకూడదు.

చివరగా, ఫోను మార్చే ముందు యాప్ అమరికలలోకి వెళ్లి మీ జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా (ఫీడ్ల చిరునామాలను దాచే ఒక రకం ఫైలు) ఎగుమతి చేసి, మీ ఈమెయిలుకే పంపుకోండి. అన్ని యాప్‌లలో ఈ సౌకర్యం ఉండదు గానీ, కొత్త ఫోనులో ఓపీఎంఎల్‌ను తీసుకోగల ఏ యాప్ పెట్టుకున్నా ఆ ఫైలును తెరిస్తే కార్యక్రమాలన్నీ ఒక్కసారిగా వచ్చి చేరతాయి. జాబితా మాత్రమే వస్తుంది, దించుకున్న ఎపిసోడ్లు రావు, ఎంతవరకు విన్నారన్న గుర్తులూ రావు. ఆ గుర్తులు కూడా కావాలంటే, ఒకే యాప్‌లో కొనసాగేవారికి యాంటెనాపాడ్‌లో మొత్తం డేటాబేస్‌ను ఎగుమతి చేసే మరో అవకాశం ఉంది. పాత ఫోనును అమ్మకముందే రెండు ఫైళ్లూ తీసుకుని, కొత్త ఫోనులో అవి సరిగా తెరుచుకున్నాయని చూసుకున్న తర్వాతే పాతదాన్ని రీసెట్ చేయండి.